కొత్త స్మార్ట్ స్పీకర్ మాట వినకపోతే: తిప్పి పంపే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

షుగర్ వల్ల మా అమ్మకి చూపు బాగా తగ్గిపోయింది. ఫోన్‌లో పాట వెతికి పెట్టుకోవడం ఆవిడ వల్ల కావట్లేదు, ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కన ఉండాలి. నోటితో అడిగితే పాట వేసే పెట్టె ఉంది కదా అని దసరా ఆఫర్లలో ఒక స్మార్ట్ స్పీకర్ తెప్పించాను. మాది విజయనగరం, కోటకి వెనక వైపు సందులో పాత పెంకుటిల్లు. పైడితల్లమ్మ సిరిమానుకి వచ్చిన చుట్టాలంతా ఇంట్లోనే ఉన్నారు, పెట్టె విప్పగానే అందరూ చుట్టూ చేరి తలో మాట అడగడం మొదలెట్టారు. అది ఒకసారి లైటు వేస్తుంది, ఒకసారి వెయ్యదు, ఒకసారి నెట్ లేదంటుంది, ఒకసారి హిందీలో ఏదో అడుగుతుంది. చివర్లో అమ్మ కూడా నాలుగుసార్లు అడిగి చూసి, "నా మాట దానికి పట్టట్లేదేటో నాయినా, పల్లెటూరి గొంతు కదా, తిప్పి పంపించీ" అంది.

ఆ మాట నాకు చాలా బాధ అనిపించింది. పెట్టె పని చెయ్యకపోతే పోయింది, మారుస్తారు. కానీ డెబ్భై ఏళ్లావిడ తన గొంతే బాగోలేదని అనుకోవడం మాత్రం ఒప్పుకోలేకపోయాను. పదకొండు రోజులు పట్టింది, ఒక పీసు మార్చాల్సి వచ్చింది, చివరికి తేలింది ఏంటంటే ఆవిడ గొంతులో గానీ యాసలో గానీ ఏ లోపమూ లేదు. వైఫై ఒక తప్పు, మైక్ ఒక తప్పు, భాష సెట్టింగు ఒక తప్పు, మూడూ ఒకేసారి మీద పడ్డాయి కాబట్టి ఏది ఏదో తెలీక అంత గందరగోళం అయింది. నాలాగే ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొని ఇబ్బంది పడుతున్నవాళ్లకి పనికొస్తుందని చేసిన క్రమంలోనే రాస్తున్నాను.

ముందు లైటు చూడండి, తర్వాతే మిగతావి

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది, పాట పెట్టమని పదే పదే అడగడం మానేసి, పిలిచినప్పుడు లైటు వెలుగుతోందా లేదా అని గమనించడం. ఇది ఎందుకంటే, స్పీకర్ లోపల పని రెండు భాగాలుగా జరుగుతుంది. మీరు దాన్ని పేరు పెట్టి పిలిచే మాట ఉంది చూశారా, ఆ ఒక్క మాటని మాత్రం స్పీకరే సొంతంగా గుర్తుపడుతుంది, దానికి నెట్ అక్కర్లేదు. ఆ తర్వాత మీరు అడిగింది మాత్రం నెట్ మీద కంపెనీ సర్వర్లకి వెళ్లి, అక్కడ అర్థమై, జవాబు వెనక్కి రావాలి.

కాబట్టి పిలిస్తే లైటే వెలగకపోతే తప్పు మైక్‌లోనో, ఇంట్లో చప్పుడులోనో, దాన్ని పెట్టిన చోటులోనో ఉంది, వైఫై జోలికి వెళ్లనక్కర్లేదు. లైటు వెలిగి, తిరిగి తిరిగి, ఏమీ చెప్పకుండా ఆరిపోతే, లేదా కనెక్షన్ దొరకట్లేదని చెప్తే, అది నెట్ సంగతి. జవాబు చెప్తోంది కానీ మీరు అడిగినదానికి, అది చెప్పినదానికి పొంతన లేకపోతే అది భాష సంగతి. ఈ మూడింటినీ విడదీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మేం మొదటి రెండు రోజులూ ఇది తెలీక అన్నీ కలిపేసి, రూటర్ ఆపి వెయ్యడం, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించడం, ఇలా చేతికి తోచింది చేశాం.

లైటు రంగు కూడా ఒకసారి చూడండి. చాలా స్పీకర్ల మీద మైక్ ఆపేసే బటనో, వెనక చిన్న స్విచ్చో ఉంటుంది. అది పొరపాటున నొక్కుకుపోతే ఎర్ర లైటో నారింజ లైటో అలాగే ఉండిపోతుంది, అప్పుడు మీరు గొంతు చించుకున్నా అది వినదు. నారింజ రంగుకి మాత్రం ఒక్కో కంపెనీ దానిలో ఒక్కో అర్థం, కొన్నిటిలో మైక్ ఆపినట్టు, కొన్నిటిలో వైఫై కోసం ఎదురుచూస్తున్నట్టు. పెట్టెలో వచ్చిన చిన్న కాగితాన్ని పారెయ్యకండి, రంగుల అర్థాలు అందులోనే ఉంటాయి.

ఛార్జర్ మార్చకండి

ఇది చిన్న విషయమే కానీ మా ఇంట్లో జరిగింది. స్పీకర్‌తో వచ్చిన అడాప్టర్ వైరు పొట్టిది, ప్లగ్గు దాకా రాలేదు. మా తమ్ముడు పాత ఫోన్ ఛార్జర్ ఒకటి సరిపోయిందని అది పెట్టాడు. లైటు వెలిగింది, మాట్లాడింది, సౌండ్ పెంచగానే దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. పాత ఫోన్ ఛార్జర్లు ఇచ్చే కరెంటు చాలా స్పీకర్లకి సరిపోదు, సౌండ్ పెంచినప్పుడే లాక్కునేది ఎక్కువ. దానితో వచ్చిన అడాప్టరే వాడండి, వైరు చాలకపోతే బిగుతుగా పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్స్ వెయ్యండి. ప్లగ్గు వదులుగా ఊగుతుంటే అక్కడ మీకు ఎప్పటికీ ఏదో ఒక గొడవే.

వైఫై: ఎక్కువ ఇళ్లలో తిప్పలు ఇక్కడే

ఇప్పుడు ఇళ్లకి పెడుతున్న ఫైబర్ రూటర్లు చాలావరకు రెండు రకాల వైఫై ఇస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. రెండోది వేగం ఎక్కువ, కానీ గోడలు అంత బాగా దాటలేదు. మొదటిది నెమ్మది, కానీ దూరం వెళ్తుంది. తక్కువ ధర స్పీకర్లలో, స్మార్ట్ బల్బుల్లో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. రూటర్ రెండింటినీ ఒకే పేరుతో చూపిస్తుంటే, మీ ఫోన్ 5 మీద కూర్చుని ఉంటుంది, స్పీకర్ 2.4 కోసం వెతుక్కుంటూ ఉంటుంది, యాప్ మధ్యలో ఇరుక్కుని "మళ్లీ ప్రయత్నించండి" అంటూ ఉంటుంది. మాకు సరిగ్గా ఇదే జరిగింది. పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా తప్పంటుంది, పది సార్లు కొట్టించింది.

రూటర్ జోలికి వెళ్లే ముందు ఒక పరీక్ష చెయ్యండి, ఐదు నిమిషాల పని. రెండు ఫోన్లు తీసుకోండి. ఒకదానిలో హాట్‌స్పాట్ పెట్టండి, అంటే ఆ ఫోన్ నెట్‌ని వైఫైలా పంచడం, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 2.4 ఎంచుకోండి, పేరు, పాస్‌వర్డ్ మామూలు అక్షరాలు, అంకెలతో పెట్టండి. రెండో ఫోన్‌లో స్పీకర్ యాప్ తెరిచి, స్పీకర్‌ని ఆ హాట్‌స్పాట్‌కి కలపండి. కలిసి, చక్కగా మాట్లాడితే స్పీకర్ బాగానే ఉంది, మీ రూటర్ సెట్టింగు సరి చెయ్యాలి. హాట్‌స్పాట్ మీద కూడా కలవకపోతే అప్పుడు స్పీకర్‌నో యాప్‌నో అనుమానించాలి. కస్టమర్ కేర్ వాళ్లు "మీ నెట్‌వర్క్ సమస్య సార్" అని ఫోన్ పెట్టెయ్యబోతే, ఈ పరీక్ష చేశానని చెప్పండి, మాట తీరు మారుతుంది.

రూటర్ సెట్టింగు మార్చాలంటే, ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా రూటర్ల పేజీ తెరుచుకుంటుంది, మీ దానికి వేరే అంకెలున్నా, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ కావాలన్నా రూటర్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటాయి. అందులో 2.4 కి ఒక పేరు, 5 కి ఇంకో పేరు పెట్టండి. స్పీకర్ కలిపేటప్పుడు ఫోన్ కూడా 2.4 పేరు మీదే ఉండాలి. సెక్యూరిటీ దగ్గర, అంటే వైఫైకి వేసే తాళం రకం దగ్గర, డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని ఉంటే డబ్ల్యూపీఏ2 గానీ రెండూ కలిసినది గానీ పెట్టండి. మిగతా ఏదీ ముట్టుకోకండి, మార్చే ముందు ఉన్నదాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. మీకు భయమైతే కనెక్షన్ ఇచ్చిన కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసి "2.4, 5 విడివిడి పేర్లు పెట్టు" అని చెప్పండి, వాళ్లకి ఇది రోజూ చేసే పని. మాకు వచ్చిన అబ్బాయి పది నిమిషాల్లో చేసి, టీ తాగి వెళ్లాడు.

ఫోన్ వైపు కూడా కొన్ని చూసుకోవాలి. స్పీకర్ కలిపే ఆ కాసేపు మొబైల్ డేటా ఆపండి, లేకపోతే సెటప్ కోసం స్పీకర్ కాసేపు ఇచ్చే వైఫైలో నెట్ కనిపించక ఫోన్ డేటా మీదకి దూకేస్తుంది. వీపీఎన్, అంటే నెట్‌ని వేరే దారిలో తిప్పే యాప్, ఏదైనా ఉంటే ఆపండి. బ్లూటూత్, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి, యాప్ అనుమతులు అడిగితే ఇవ్వాలి. లొకేషన్ ఎందుకని మా బాబాయి అభ్యంతరం చెప్పారు, ఆయన అడిగిందీ న్యాయమే, కానీ ఆండ్రాయిడ్ ఫోన్లలో చుట్టుపక్కల వైఫైలు వెతకాలంటే ఆ అనుమతి కావాలి. పని అయ్యాక తీసెయ్యొచ్చు.

గోడలు, బీరువాలు

పాత ఇళ్లలో ఉండేవాళ్లకి ఇది ముఖ్యం. మా వీధి గది, నడిమింటి మధ్య గోడ మందం కొలిస్తే నా మూర కంటే ఎక్కువే వచ్చింది. రూటర్ వీధి గదిలో, అదీ ఇనుప బీరువా వెనక గూట్లో. అమ్మ పడుకునేది వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక బీరువా, ఒక స్టీలు సామాను అలమర. ఫోన్‌లో అక్కడ రెండు గీతలు చూపిస్తోంది కదా అని మేం సరిపెట్టుకున్నాం, కానీ గీతలు చూసి మోసపోకూడదు. సరైన పరీక్ష ఏంటంటే, స్పీకర్ పెట్టదలచిన చోట నిలబడి, మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద ఒక వీడియో పది నిమిషాలు చూడండి. ఎక్కడా ఆగకపోతే స్పీకర్‌కి ఆ చోటు చాలు. ఆగి ఆగి వస్తే స్పీకర్ కూడా అలాగే ఆగి ఆగి మాట్లాడుతుంది.

మేం రూటర్‌ని బీరువా వెనక నుంచి తీసి నడిమింట్లో గుమ్మం పైన మేకు కొట్టి బిగించాం, కేబుల్ పన్నెండు అడుగులు పొడిగించాల్సి వచ్చింది. అంతే, వెనక గదిలో వీడియో ఆగడం మానేసింది. గోడలు మరీ ఎక్కువైతే రెండో రూటర్ ఒకటి లోపల పెట్టి మొదటి దాని నుంచి వైరు లాగితే గట్టిగా ఉంటుంది, వైఫైని ముందుకి అందించే, ప్లగ్గులో పెట్టే రిపీటర్లు చాలావరకు వేగం బాగా తగ్గించేస్తాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఉన్నవాళ్లు స్పీకర్‌ని గానీ రూటర్‌ని గానీ దాని పక్కన పెట్టకండి, అది కూడా అదే 2.4 తరంగాల మీద నడిచి వైఫైకి అడ్డు తగులుతుంది.

కరెంటు పోయి వచ్చాక

మన జిల్లాల్లో గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, ఇది ఎవరికీ కొత్త కాదు. తిరిగి వచ్చాక స్పీకర్ నిమిషంలో లేచి కూర్చుంటుంది, ఫైబర్ రూటర్‌కి మాత్రం రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్పీకర్ లేచేసరికి వైఫై లేదు కాబట్టి అది నెట్ లేదని చెప్పి ఊరుకుంటుంది, కొన్ని మళ్లీ వాటంతట అవే కలుస్తాయి, కొన్ని కలవవు. అప్పుడు సెట్టింగులు తిప్పకండి. రూటర్ లైట్లు అన్నీ నిలకడగా వచ్చేదాకా ఆగి, స్పీకర్ ప్లగ్గు తీసి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ పెట్టండి. రూటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది, కొనేటప్పుడు రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంప్స్ చూసుకుని అదే తీసుకోవాలి. అది పెట్టాక మా ఇంట్లో ఈ గొడవ చాలా తగ్గింది. పనిలో పని, రూటర్ ఎప్పుడైనా మార్చాల్సి వస్తే పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే కొత్తదానికీ పెట్టండి, స్పీకర్ చాలావరకు దానంతట అదే కలిసిపోతుంది.

ఇంకో మాట. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం మనం. తుపాను రోజుల్లో వార్తలకి ఈ పెట్టెని నమ్ముకోకండి, కరెంటూ నెట్టూ రెండూ ఉంటేనే ఇది మాట్లాడుతుంది. బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి. మామూలు రోజుల్లో వానల సంగతి అడగాలంటే యాప్‌లో స్పీకర్ చిరునామా సరిగా పెట్టారో లేదో చూడండి, అది తప్పుంటే వేరే ఊరి వాతావరణం చెప్తుంది.

మైక్ పాడైందా, చోటు బాగోలేదా

వైఫై సరిపోయాక కూడా మా స్పీకర్ నాలుగు సార్లు పిలిస్తే ఒకసారి పలికేది. ఇక్కడే చాలామంది "గట్టిగా పిలవండి, స్పష్టంగా పలకండి" అని పెద్దవాళ్ల మీద అరుస్తారు. దయచేసి అలా చెయ్యకండి. ముందు స్పీకర్ ఎక్కడ ఉందో చూడండి. మేం దాన్ని టీవీ పక్కన గూట్లో పెట్టాం, మూడు వైపులా గోడ, పైన ఫ్యాను. గూట్లో పెడితే దాని చప్పుడు దానికే తిరిగి తగులుతుంది, మైక్‌కి మన గొంతు సరిగా చేరదు. గోడకి జానెడు ఎడంగా, టీవీకి దూరంగా, నడుము ఎత్తులో ఒక స్టూలు మీద పెట్టండి. అద్దాల షోకేసులో అసలు పెట్టకండి. పైన మైక్ రంధ్రాలు ఉంటాయి, సూది మొన అంత చిన్నవి, వాటి మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర ఏదైనా అంటుకుని ఉందేమో గోరుతో గీకి చూడండి, కొత్తవాటి మీద ఉండిపోతుంది.

ఆ తర్వాత అడుగుల పరీక్ష. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి, కిటికీలు వేసెయ్యండి. ఒక అడుగు దూరం నుంచి మామూలు గొంతుతో పదిసార్లు పిలిచి ఎన్నిసార్లు లైటు వెలిగిందో రాసుకోండి. తర్వాత ఐదు అడుగులు, తర్వాత పది అడుగులు. బాగున్న స్పీకర్ నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది అడుగుల నుంచి దాదాపు ప్రతిసారీ పలకాలి. మాది అడుగు దూరంలో తొమ్మిది, ఐదు అడుగుల్లో మూడు, పది అడుగుల్లో సున్నా. అమ్మ పిలిచినా అంతే, నేను పిలిచినా అంతే, ఇంజినీరింగ్ చదివే మా మేనకోడలు ఇంగ్లిష్‌లో చక్కగా పిలిచినా అంతే. ఆ కాగితం అమ్మకి చదివి వినిపించాను. "మరైతే నా గొంతు కాదన్నమాట" అంది. ఆ ఒక్క మాట కోసమైనా ఈ పరీక్ష చెయ్యండి.

పీసు మార్పించుకోవడం

ఇక్కడ రోజులు ముఖ్యం. ఆన్‌లైన్‌లో కొన్న ఎలక్ట్రానిక్ సామాను వెనక్కి ఇవ్వడానికో మార్చుకోవడానికో సాధారణంగా ఏడు రోజులో పది రోజులో గడువు ఉంటుంది, ఆర్డరు పేజీలో తేదీతో సహా కనిపిస్తుంది. నేను మొదట కంపెనీ వాళ్లకి ఫోన్ చేశాను. నలభై ఎనిమిది గంటలు ఆగమన్నారు, ఆగాను, మళ్లీ చేస్తే ఇంకో నలభై ఎనిమిది గంటలన్నారు. వాళ్లు చెప్పినట్టు ఆగుతూ కూర్చుంటే గడువు దాటిపోతుందని అప్పటికి అర్థమైంది. కాబట్టి అనుమానం వచ్చిన రోజే, ఫోన్‌లో కాదు, కొన్న యాప్‌లోనే రాతపూర్వకంగా మార్పిడి అడగండి, కంప్లైంట్ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ పక్కనే మీ ప్రయత్నాలు మీరు చేసుకోవచ్చు, బాగుపడితే రద్దు చేసుకోవచ్చు.

అడుగుల పరీక్షని వీడియో తియ్యండి, ఫ్యాను ఆగి ఉండటం, దూరం, పిలవడం, లైటు వెలగకపోవడం, నాలుగూ ఒకే వీడియోలో కనిపించాలి. అది పంపాక నాతో ఎవరూ వాదించలేదు, మూడో రోజుకి కొత్త పీసు ఇంటికి వచ్చింది. పెట్టె, అడాప్టర్, లోపలి అట్టముక్కలు సహా అన్నీ దాచి ఉంచండి. పాతది తిరిగిచ్చే ముందు యాప్‌లో మీ ఖాతా నుంచి దాన్ని తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి, అంటే అందులో మీరు పెట్టినవన్నీ చెరిపి కొత్తదానిలా చెయ్యడం. ఎదుటి వైపు నుంచి కూడా ఇది గుర్తుపెట్టుకోండి, మీకు వచ్చినది ఇంకొకరి ఖాతాకి నమోదై ఉందని యాప్ చెప్తే అది ఎవరో వాడి ఇచ్చేసిన పీసు అన్నమాట, దానితో కుస్తీ పట్టకుండా వెంటనే మార్చమనండి.

మార్చమని మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే, అంటే విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, సమస్య వచ్చిన 2 ఏళ్ల లోపు వెయ్యాలి. మూడు నాలుగు వేల సామానుకి అంత దూరం వెళ్లాల్సిన పని చాలామందికి పడదు, కానీ ఆ దారి ఉందని తెలిసి మాట్లాడితే మన గొంతులో ధైర్యం వేరుగా ఉంటుంది.

భాష: అసలు బాధ ఇక్కడుంది

కొత్త పీసు పది అడుగుల నుంచి పదికి పది పలికింది. అమ్మ సంబరంగా మంచం మీద నుంచే అడిగింది, "ఘంటసాల పాటలు పెట్టు". అది హిందీలో ఏదో టైమర్ సంగతి మాట్లాడింది. మళ్లీ అడిగింది. మళ్లీ అదే.

యాప్‌లో చరిత్ర అని ఒక చోట ఉంటుంది, మీరు అన్న ప్రతి మాటా దానికి ఎలా వినిపించిందో అక్షరాల్లో రాసి ఉంటుంది. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. తెరిచి చూస్తే మొదట్లో "ఘంటా" అని ఉంది, హిందీలో అంటే గంట, అరవై నిమిషాల గంట. సెటప్ రోజు చుట్టాల్లో ఎవరో భాష హిందీ పెట్టేశారు. ఘంటసాలగారు మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి, మధుకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ ఈ వీధుల్లోనే తిరిగి పాట నేర్చుకున్న మనిషి. ఆయన పేరు ఈ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ పేరు పెట్టెకి గంటల లెక్కలా వినపడుతోంది.

చాలామంది పడే పొరపాటు ఏంటంటే, ఫోన్‌లో గూగుల్ అసిస్టెంట్ తెలుగు అర్థం చేసుకుంటుంది కాబట్టి స్పీకర్లన్నీ తెలుగు వింటాయనుకుంటాం. అలా కాదు. మేం కొన్నదాని భాషల పట్టీలో ఇంగ్లిష్, హిందీ తప్ప ఇంకోటి లేదు. "తెలుగు పాటలు వేస్తుంది" అని పెట్టె మీద రాసి ఉంటుంది, నిజమే, వేస్తుంది, కానీ తెలుగులో అడిగితే అర్థమవుతుందని దాని అర్థం కాదు. కొనబోయేవాళ్లు "ఏ భాషలో మాట్లాడితే వింటుంది" అన్న వరస ఒక్కటీ వెతికి చదివి కొనండి. కోట్ల మంది మాట్లాడే భాష, మన అమ్మలకి వచ్చిన ఒకే భాష, అది ఆ పట్టీలో లేకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఎవరైనా కంపెనీకి అభిప్రాయం రాసే చోటు యాప్‌లో కనిపిస్తే తెలుగు కావాలని రెండు ముక్కలు రాయండి, నేను రాశాను.

ఈలోగా చెయ్యగలిగింది ఇది. భాష ఇండియన్ ఇంగ్లిష్ పెట్టండి, వేరే దేశం ఇంగ్లిష్ కాదు, మన పేర్లు కొంచెం బాగా పడతాయి. తర్వాత పాట యాప్‌లో అమ్మకి నచ్చిన పాటలన్నీ మీరే ఒక జాబితా చేసి, దానికి ఆవిడ నోటికి తేలిగ్గా వచ్చే ఇంగ్లిష్ పేరు పెట్టండి. తర్వాత స్పీకర్ యాప్‌లో రొటీన్ అని ఉంటుంది, "ఈ మాట అంటే ఈ పని చెయ్యి" అని మనం ముందే చెప్పి పెట్టుకోవడం. అందులో మాట దగ్గర ఆ చిన్న పేరు రాసి, పని దగ్గర ఆ జాబితా వెయ్యమని పెట్టండి.

పేరు మీరు ఎంచకండి, పెద్దవాళ్ల నోటి నుంచి రానివ్వండి. నేను మొదట "ఓల్డ్ మెలొడీస్" అని పెట్టాను, అమ్మ నోటికి తిరగలేదు. అప్పుడు పక్కన కూర్చుని, రోజూ వాడే ఇంగ్లిష్ మాటలు ఏవేవో అడిగాను. బస్సు, రైలు, టిఫిను, రేడియో. "రేడియో" అన్నప్పుడు చరిత్రలో చూస్తే ప్రతిసారీ సరిగ్గా అక్షరాల్లో పడింది. ఉట్టి "రేడియో" అంటే నిజం రేడియో వెతుకుతుందని, "అమ్మ రేడియో" అని పెట్టాం. "అమ్మ" కూడా బాగానే పడుతోంది. అలాగే పొద్దున్న ఐదున్నరకి భక్తి పాటలు వాటంతట అవే మొదలయ్యేలా ఇంకో రొటీన్, ఇది టైముకి నడుస్తుంది, నోటితో అడగక్కర్లేదు. పేరు తప్పు పడుతుంటే అది ఎలా విన్నదో చరిత్రలో చూసి, అదే తప్పు స్పెల్లింగుతో ఇంకో రొటీన్ చేసి పెట్టండి, అప్పుడు తప్పు విన్నా సరైన పాటే వస్తుంది. ఇది మా మేనకోడలు కనిపెట్టిన ఉపాయం, బాగా పనిచేస్తోంది.

పాటల ఖాతా ఉచితమైతే కొన్నిటిలో అడిగిన పాట బదులు ఆ తరహా పాటలు వేస్తుంది, మధ్యలో ప్రకటనలు వస్తాయి. అది స్పీకర్ తప్పు కాదు. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే ఫోన్‌లో ఉన్న పాటలు బ్లూటూత్ మీద వెయ్యొచ్చు.

ఫ్యాక్టరీ రీసెట్ అందరూ మొదట చెప్పే సలహా, నేను చివర చెప్తున్నాను. రొటీన్లు, వైఫై సెట్టింగులు కుదిరాక అనవసరంగా రీసెట్ కొడితే చేసిన పనంతా మళ్లీ చెయ్యాల్సి రావచ్చు. కొత్తగా కలిపిన రోజు మాత్రం ఒక రాత్రంతా ప్లగ్గులోనే వదిలెయ్యండి, అప్‌డేట్లు అప్పుడు దించుకుంటుంది, మధ్యలో తీస్తే తేడా చేస్తుంది. నోటితో వస్తువులు కొనే సదుపాయం ఉంటే ఆపెయ్యండి, చరిత్ర అప్పుడప్పుడు చెరిపెయ్యండి, ఇంటి మాటలు అందులో ఉండిపోతాయి.

చివరి పని, ఒక అట్టముక్క మీద తెలుగులో వేలెడంత అక్షరాలతో రెండే వరసలు రాసి అమ్మ మంచం పక్క గోడకి అంటించాను. మొదటిది పిలుపు మాట, దాని పక్కన "అమ్మ రేడియో". రెండోది, "పలక్కపోతే: నడిమింట్లో పచ్చ లైటు చూడు, ప్లగ్గు తీసి ముప్పై లెక్కపెట్టు". మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి వెనక గదిలో పాట నడుస్తోంది. ప్లగ్గు ఎవరు పెట్టారని అడిగితే, "నేనే, ముప్పై కాదు, నలభై లెక్కెట్టాను" అంది.